నోరు వాసన వస్తుందేమోనన్న భయం: సిబిటితో దాన్ని దారికి తెచ్చుకునేదెట్లా

ముందే చెప్పేస్తున్నా, ఇది నోటి కంపు పోగొట్టుకునే చిట్కాల వ్యాసం కాదు. లవంగం, యాలక, సోంపు, ఉప్పునీళ్ళ పుక్కిలింత, ఇవన్నీ మీరు ఇప్పటికే చేసి ఉంటారు, బాత్రూములో రెండు మూడు రకాల మౌత్‌వాష్ సీసాలు కూడా ఉండే ఉంటాయి. ఇది డెంటల్ డాక్టరు చూసి "మీ నోట్లో ఏమీ లేదండీ" అని చెప్పినా మనసు ఒప్పుకోక, ఎవరితో మాట్లాడినా చెయ్యి దానంతటదే నోటికి అడ్డం పోయేవాళ్ళ కోసం. జేబులో చూయింగ్ గమ్ లేనిదే గడప దాటనివాళ్ళ కోసం. కరోనా పోయి ఇన్నేళ్ళైనా మాస్కు తీయనివాళ్ళ కోసం కూడా (మాస్కు వచ్చినప్పుడు లోకమంతా ఏడుస్తుంటే మనలాంటివాళ్ళం లోపల ఎంత సంతోషపడ్డామో మనకే తెలుసు).

నేను డాక్టర్ని కాను. కాలేజీ రోజుల నుంచి ఈ భయంతో వేగి, చివరికి సైకాలజిస్టు దగ్గర సిబిటి, అంటే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచననూ అలవాటునూ మార్చే మాటల వైద్యం), చేయించుకున్న తిరుపతి మనిషిని. అక్కడ నేర్చుకున్నదీ, తర్వాత చదువుకున్నదీ కలిపి రాస్తున్నా. వీలైతే సైకాలజిస్టుతోనే చేయండి. వీలుకాకపోతే ఇందులో చాలా భాగం నోట్‌బుక్కు, పెన్నుతో సొంతంగా మొదలుపెట్టొచ్చు.

ఒక్క సంగతి మాత్రం మొదటే పట్టుకోవాలి, మిగతాదంతా దాని మీదే నడుస్తుంది. ఈ భయాన్ని బతికించేది నోరు కాదు. పొద్దస్తమానం మనం చేసే చెకింగూ, దాచుకోవడమూ దాన్ని బతికిస్తాయి. అరచేతిలోకి ఊది వాసన చూస్తాం, ఒక నిమిషం నిమ్మళం, మళ్ళీ అనుమానం, మళ్ళీ ఊదుతాం. దురద గోక్కున్నట్టే, గోకినంతసేపు హాయి, ఆపగానే ఇంకాస్త ఎక్కువ. సిబిటిలో చేసేదంతా ఈ గోకుడు ఆపడం నేర్చుకోవడమే.

దీనికో పేరుంది

ఇట్లాంటి పిచ్చి భయం మనకొక్కరికే ఉందనుకుంటాం. 1971లో ప్రైస్-ఫిలిప్స్ అనే డాక్టరు తన దగ్గరికొచ్చిన రోగుల గురించి రాస్తూ దీన్ని ఆల్ఫాక్టరీ రిఫరెన్స్ సిండ్రోమ్ అన్నాడు. నోరు కావచ్చు, చెమట కావచ్చు, తన ఒంటి నుంచి కంపు వస్తోందనీ, చుట్టూ ఉన్నవాళ్ళు ముక్కు రుద్దుకున్నా, కిటికీ తెరిచినా అది తన వల్లేననీ గట్టిగా అనుకోవడం దీని లక్షణం. జపాన్‌లో అంతకుముందు నుంచే దీన్ని జికోషు క్యోఫు అనేవాళ్ళు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక ఐసీడీ-11 (2022 జనవరి నుంచి అమల్లో ఉంది) దీన్ని ఓసీడీకి (వద్దన్నా వచ్చే అనుమానం, అది తీరడానికి చేసిందే చేసే జబ్బు) సంబంధించిన జబ్బుల్లో చేర్చింది. ఈ చేర్చడం మనకెందుకు ముఖ్యమంటే, ఓసీడీకి పనిచేసే పద్ధతే ఇక్కడా వాడతారు కాబట్టి. భయపడే పరిస్థితిలోకి మెల్లగా దిగడం, దిగాక తప్పించుకునే పని చేయకుండా ఉండడం, ఇదే ఆ పద్ధతి, ఎక్స్‌పోజర్ అంటారు, 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే సైకాలజిస్టు మొదలుపెట్టింది. కచ్చితంగా ఈ వాసన భయం మీదే చేసిన పెద్ద పరిశోధనలు తక్కువ, ఆ మాట దాచను. కానీ ఓసీడీ మీదా, జనంలో మాట్లాడాలంటే ఉండే భయం మీదా సిబిటి బాగా పరీక్షకు నిలిచిన వైద్యం.

డెంటల్ వాళ్ళు దీన్నే హాలిటోఫోబియా అంటారు. వాళ్ళ లెక్కలో మూడు రకాల మనుషులు ఉంటారు: నిజంగానే వాసన ఉన్నవాళ్ళు, లేకపోయినా ఉందనుకుని డాక్టరు వివరంగా చెబితే ఒప్పుకునేవాళ్ళు, వైద్యం అయ్యాక కూడా, ఎవరెంత చెప్పినా ఒప్పుకోలేనివాళ్ళు. ఇది ఆ మూడోరకం వాళ్ళ కోసమే ముఖ్యంగా.

ఇంకో సంగతి, కాస్త పక్కదారి అయినా చెప్పాలి. 1920లలో అమెరికాలో లిస్టరిన్ అనే మౌత్‌వాష్ ప్రకటనలు జనంలోకి నోటి వాసన భయాన్ని బాగా ఎక్కించాయి, నీ ప్రాణస్నేహితులు కూడా ఈ సంగతి నీకు చెప్పరు అన్న ధోరణిలో. ఆ ఒక్క ఆలోచన చూడండి ఎంత మొండిదో. ఎవరైనా "వాసన వస్తోంది" అంటే రుజువైపోయినట్టు, "రావట్లేదు" అంటే మర్యాద కోసం అబద్ధం చెప్పినట్టు. ఏ జవాబు వచ్చినా భయమే గెలుస్తుంది. మన బుర్రలో నడిచేది సరిగ్గా ఇదే, అందుకే ఎవర్ని ఎన్నిసార్లు అడిగినా తీరదు.

మొదటి పని: ఒక్కసారి చూపించుకోండి. ఒక్కసారే.

నిజంగా వాసన ఉంటే చాలావరకు అది నోట్లోంచే వస్తుంది. నాలుక వెనక భాగంలో పేరుకున్న పాచి, చిగుళ్ళ జబ్బు, పుచ్చిపళ్ళు, ఇక్కడ ఉండే బ్యాక్టీరియా ప్రొటీన్లను విరగ్గొడుతూ గంధకం వాయువులు వదులుతాయి. హైడ్రోజన్ సల్ఫైడ్, మిథైల్ మెర్కాప్టాన్ అని వాటి పేర్లు. కొంతమందికి టాన్సిల్స్‌లో చిన్న గడ్డలు, సైనస్, నోరు ఎండిపోవడం కూడా కారణాలు. పొద్దున లేవగానే వచ్చే వాసన మాత్రం జబ్బు కాదు, రాత్రిపూట ఉమ్మి తక్కువ ఊరుతుంది కాబట్టి అందరికీ వస్తుంది, సినిమా హీరోలకు కూడా. (షుగర్ ఉన్నవాళ్ళకు నోటి నుంచి మాగిన పండు వాసన వస్తూ, వాంతులు, ఆయాసం ఉంటే అది వేరే సంగతి, వెంటనే ఆస్పత్రికి పోవాలి.)

కాబట్టి డెంటల్ డాక్టరు దగ్గరికి పోండి. తిరుపతిలో ఉంటే రేణిగుంట రోడ్డులో డెంటల్ కాలేజీ ఉంది, లేదా మీ వీధిలో క్లినిక్ అయినా సరే. ఆ రోజు గమ్, మౌత్‌వాష్ వాడకుండా పోండి, మామూలుగా ఉన్న నోరు చూపించాలి. "నోరు వాసన వస్తుందన్న అనుమానం చాలా ఏళ్ళుగా ఉంది, దగ్గరగా వాసన చూసి చెప్పండి" అని నేరుగా అడగండి, సిగ్గుపడొద్దు. డాక్టరు తన ముక్కుతోనే చూసి సున్నా నుంచి ఐదు దాకా మార్కు వేసే పద్ధతి ఒకటి ఉంది, కొన్నిచోట్ల గంధకం వాయువులు కొలిచే మిషను కూడా ఉంటుంది. చిగుళ్ళ జబ్బు ఉంటే క్లీనింగ్ చేయించుకోండి. డాక్టరు అవసరం అంటే ఈఎన్‌టీకి ఒకసారి చూపించండి. డాక్టరు చెప్పింది కాగితం మీద రాసుకుని, తేదీ వేసి, నోట్‌బుక్కు మొదటి పేజీలో అంటించండి.

అక్కడితో ఆ తలుపు మూసేయాలి. తర్వాతి డెంటల్ చెకప్ ఆరు నెలలకు, అందరిలాగే. ఇంకో డాక్టరు, ఇంకో అభిప్రాయం, బెంగళూరులో పెద్ద క్లినిక్, మద్రాసులో ఇంకా పెద్ద క్లినిక్, ఇదంతా గోకుడే.

రోజువారీ శుభ్రానికి ఒక హద్దు గీసుకోండి: రెండుపూటలా బ్రష్, ఒక్కసారి నాలుక బద్దతో మెత్తగా గీసుకోవడం, పళ్ళ మధ్య దారంతో శుభ్రం, మంచినీళ్ళు సరిపడా. అంతే. నాలుక మంట పుట్టేదాకా గీకడం, రోజంతా ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ పుక్కిలించడం వల్ల నోరు ఎండి, పుండ్లు పడి, నిజంగానే లేని సమస్యను తెచ్చుకుంటాం.

నోట్‌బుక్కు

భయం వచ్చిన ప్రతిసారీ ఆరు విషయాలు రాయాలి: ఏం జరిగింది, ఏం అనుకున్నాను, ఎంత నమ్మాను, టెన్షన్ ఎంత, అప్పుడేం చేశాను, తర్వాత ఏమైంది. నమ్మకానికీ టెన్షన్‌కూ సున్నా నుంచి వంద దాకా మార్కులు. ఒక ఉదాహరణ రాసి చూపిస్తా.

కొండకు పోయే బస్సులో ఫోన్ మాట్లాడి పెట్టేశాను. పక్క సీటులో ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నా నోటి వాసనకే అనుకున్నాను. నమ్మకం 95, టెన్షన్ 80. గమ్ నోట్లో వేసుకుని, అటు తిరిగి, కొండ చేరేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. టెన్షన్ తగ్గింది. కానీ దిగేటప్పుడు బస్సెక్కాలంటే ఇంకా ఎక్కువ భయం వేసింది.

ఆ చివరి వాక్యం కింద గీత గీయండి. తప్పించుకున్నందుకు అప్పటికి టెన్షన్ తగ్గింది, దానికి బదులుగా తర్వాతి బస్సులో భయం పెరిగింది. పది పేజీలు రాసేసరికి ఈ వరస మీకే కళ్ళకు కడుతుంది, ఎవరూ చెప్పనక్కర్లేదు.

తర్వాత అదే పేజీలో, టెన్షన్ దిగాక, ఇంకో పని. ఆమె కొంగు అడ్డం పెట్టుకోవడానికి ఎన్ని కారణాలు ఉండొచ్చో రాసి, వంద మార్కులు వాటికి పంచండి, మీ నోటికి మాత్రం అన్నిటికంటే చివర్లో వేయండి. ఘాట్ రోడ్డు మలుపులకు కడుపులో తిప్పడం (ఎలక్ట్రిక్ బస్సులు వచ్చినా మలుపులు మలుపులేగా), వెనక ఎవరో వాంతి చేసుకోవడం, జలుబు, కిటికీ గాలికి దుమ్ము, నిద్ర, అలవాటు, ఊరికే. ఆ బస్సులో సగం మంది చేతిలో కర్చీఫో నిమ్మకాయో ఉంటుంది, మనకు మాత్రం ఆ ఒక్క కొంగే కనపడింది. అన్నిటికీ మార్కులు పంచాక మన నోటికి ఎంత మిగులుతుందో చూడండి. సున్నా రావాలని లేదు. 95 నుంచి 30కి వచ్చినా ఆ రోజుకు చాలు.

ఇక్కడ చాలామంది ఒక బోల్తా పడతారు: ఈ రాత పనిని కూడా రుజువు వెతకడానికి వాడుకుంటారు, "నాకు వాసన లేదు" అని తేల్చుకునేదాకా గంటలు గంటలు రాస్తారు. వద్దు. పది నిమిషాలు రాసి మూసేయండి.

బస్టాండులో ముక్కుల లెక్క

నాకు అన్నిటికంటే బాగా పనిచేసింది ఇదే, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నా. మన దగ్గరున్న సాక్ష్యమంతా ఏమిటి? ఎదుటివాళ్ళు ముక్కు ముట్టుకున్నారు, తల తిప్పుకున్నారు, ఒక అడుగు వెనక్కి వేశారు, దగ్గారు. సరే, మనం దగ్గర లేనప్పుడు మనుషులు ఇవన్నీ ఎంత చేస్తారో ఎప్పుడైనా లెక్కపెట్టామా?

తిరుపతి ఆర్టీసీ బస్టాండుకు పోయి, చిత్తూరు బస్సులు ఆగే చోటో, కాళహస్తి బస్సులు ఆగే చోటో చూసుకుని, దూరంగా, ఎవరికీ మీ ఊపిరి కూడా తగలనంత దూరంలో కూర్చోండి. పావుగంట పెట్టుకోండి. పోయే ముందే నోట్‌బుక్కులో రాయండి: పావుగంటలో ఇంతమంది ముక్కు ముట్టుకుంటారని నా అంచనా. తర్వాత ఊరికే గీతలు గీస్తూ పోండి. ముక్కు రుద్దుకున్నవాళ్ళు, తుమ్మినవాళ్ళు, కొంగు అడ్డం పెట్టుకున్నవాళ్ళు, మాట్లాడుతూ మాట్లాడుతూ పక్కకు తిరిగినవాళ్ళు. మీ అంచనా దాటిపోయే అవకాశమే ఎక్కువ. వీళ్ళలో ఒక్కరికి కూడా మీరు అక్కడ ఉన్నట్టే తెలియదు.

ఒకసారి చేసి వదలకండి. గోవిందరాజస్వామి గుడి ముందర, ఆఫీసు క్యాంటీన్‌లో, పెళ్ళి భోజనాల్లో కూడా చేయండి. కొన్నాళ్ళకు ఎదుట మనిషి ముక్కు ముట్టుకుంటే అది సాక్ష్యంలా కాకుండా మామూలు ముక్కులా కనపడడం మొదలవుతుంది.

దీనికి జోడు ఇంకొకటి: మన ముక్కును కూడా మనం నమ్మలేం. ఎప్పుడూ ఉండే వాసనకు ముక్కు అలవాటు పడిపోతుంది, అరచేతిలోకి ఊదితే చెయ్యి వాసన, ఉమ్మి వాసన కలిసి వస్తుంది. టెల్ అవీవ్‌లో మెల్ రోజెన్‌బర్గ్ బృందం 1990లలో చేసిన పరిశోధనల్లో, తమ నోటి వాసనకు తాము వేసుకున్న మార్కులకూ వాసన చూడడంలో తర్ఫీదు పొందినవాళ్ళు వేసిన మార్కులకూ సరిగా పొంతన కుదరలేదు. అంటే అరచేతి పరీక్షలో పాసైనా అర్థం లేదు, ఫెయిలైనా అర్థం లేదు. అటువంటి పరీక్ష రోజూ రాయడం దేనికి?

ఊతకర్రలు వదలడం

ఒక పేజీ నిండా మీ ఊతకర్రలు రాయండి. గమ్, సోంపు, మాస్కు, నోటికి చెయ్యి, పక్కకు తిరిగి మాట్లాడడం, ఊపిరి బిగబట్టడం, మాట పొట్టిగా ముగించడం, ఫోన్లో అయిపోయే పనికి ఎదురుగా పోకపోవడం, లిఫ్టు వదిలి మెట్లు ఎక్కడం, ఫంక్షన్లో ఆఖరి వరసలో కూర్చోవడం, భోజనం మానేసి ఖాళీ కడుపుతో ఉండడం. ఒక్కొక్కదానికీ, అది లేకపోతే టెన్షన్ ఎంత ఉంటుందో వందకు మార్కు వేయండి. తక్కువ మార్కు ఉన్నదాన్ని ముందు వదలండి. అన్నీ ఒకేసారి వదిలేస్తానని శనివారం రాత్రి ప్రమాణం చేసి సోమవారం పొద్దున మాస్కు కొనుక్కునేవాళ్ళని చూశాను.

ఏదైనా చెకింగు అస్సలు ఆపలేకపోతే వాయిదా వేయండి. అరచేతిలోకి ఊదాలనిపించింది, సరే, పది నిమిషాల తర్వాత. తర్వాత ఇరవై నిమిషాలు. చాలాసార్లు ఆ టైము వచ్చేసరికి ఆ తహతహ ఉండదు.

మెట్లు

ఇప్పుడు అసలు పని. భయపడే సందర్భాలను తక్కువ నుంచి ఎక్కువకు వరసగా రాసి కిందనుంచి ఎక్కడం. నా వరస దాదాపు ఇట్లా ఉండేది. కింది మెట్టు, అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌తో గమ్ లేకుండా, మామూలు దూరంలో నిలబడి నాలుగు మాటలు. తర్వాత గాంధీ రోడ్డులో ఒక దుకాణంలో చొక్కాలు తీయించి, ధర అడిగి, కొనకుండా బయటకు రావడం (దీంట్లో నోటి భయం కంటే కొనకుండా రావడమే కష్టం అనిపించింది, నిజం). ఆ తర్వాత షేర్ ఆటోలో ముగ్గురి మధ్యన కూర్చుని "అన్నా, లీలామహల్ దగ్గర ఆపమని చెప్తావా" అని పక్కాయన ముఖం చూసి అడగడం. తర్వాత ఆఫీసు మీటింగులో బల్లకు ఈ కొసన కాకుండా మధ్యన కూర్చోవడం. బాగా పైన, తిరుమలలో వైకుంఠం క్యూ కాంప్లెక్సు. కంపార్ట్‌మెంటులో గంటల తరబడి భుజం భుజం ఆనుకుని కూర్చోవాలి, తలుపు తీయగానే అందరూ ఒక్కసారి గోవిందా అంటారు, మనమూ నోరు బాగా తెరిచి, గొంతెత్తి, ఎవరి ముఖం ఎటుందో చూడకుండా గోవిందా అనాలి. పెళ్ళి కావలసినవాళ్ళకు పెళ్ళిచూపులు ఈ వరసలో ఎక్కడుంటుందో నేను చెప్పక్కర్లేదు.

ప్రతి మెట్టుకూ ముందు ఒక వాక్యం రాయండి, పరీక్షకు నిలబడేట్టు స్పష్టంగా: "దుకాణంలో అబ్బాయి వెనక్కి జరిగి, రెండు నిమిషాల్లో నన్ను పంపించేస్తాడు." టెన్షన్ పడతాను అని రాస్తే కుదరదు, అది ఎట్లాగూ పడతాం. పోయి వచ్చాక రాయండి, ఏం జరిగింది? పంపించాడా, ఇంకో నాలుగు చొక్కాలు తీసి పరిచాడా? టెన్షన్ పూర్తిగా దిగిపోవాలని పట్టుబట్టకండి. ఒక్కోరోజు అది దిగదు, అయినా మీరు ఊహించింది జరగలేదన్న సంగతి బుర్ర నేర్చుకుంటుంది, మనకు కావలసింది అదే. అదే మెట్టును వేరే దుకాణంలో, వేరే టైములో, వేరే మనుషులతో మళ్ళీ మళ్ళీ చేయండి. విసుగు పుట్టిందంటే పై మెట్టుకు టైమైనట్టు.

దొంగదారులు మాత్రం వద్దు. ఆటో ఎక్కే ముందు సందులో నిలబడి మౌత్‌వాష్ పుక్కిలించి ఎక్కితే, ఏమీ జరగకపోవడానికి కారణం మౌత్‌వాషే అని బుర్ర రాసుకుంటుంది, చేసిన పనంతా బూడిదలో పోసిన పన్నీరు.

చివరి మెట్లలో ఒకటి ఉల్లిపాయ. ఇది విని నేను సైకాలజిస్టును ఎగాదిగా చూశాను. మధ్యాహ్నం రాగి సంగటిలోకి పచ్చి ఉల్లిపాయ కొరుక్కుని, గమ్ లేకుండా, ఒక స్నేహితుడితో ఎదురెదురుగా కూర్చుని టీ తాగాలి. ఇప్పుడు వాసన నిజంగానే ఉంది, అనుమానం కాదు. అయినా టీ తాగుతాడు, క్రికెట్ గురించి మాట్లాడతాడు, మహా అయితే "ఏందిరా, ఉల్లిపాయ బాగా లాగించినావే" అంటాడు, నవ్వుతాడు, మాట ముందుకు పోతుంది. ఇన్నాళ్ళూ మనం వాసన వస్తుందా రాదా అని కొట్టుకున్నాం, వస్తే ఏమవుతుందని ఎప్పుడూ చూడలేదు. మన ఊహలో మనుషులు వెలివేస్తారు. చిత్తూరు జిల్లాలో ఉల్లిపాయ తిన్నవాణ్ణి వెలివేస్తే ఊళ్ళో ఎవరూ మిగలరు. భయం బాగా ఎక్కువగా ఉన్నప్పుడు దీనితో మొదలుపెట్టకండి, కింది మెట్లు అయ్యాకే.

మాట్లాడేటప్పుడు బుర్ర ఎక్కడుంది?

మనం మాట్లాడేటప్పుడు సగం బుద్ధి నోట్లో ఉంటుంది, నాలుక రుచి, ఉమ్మి, ఊపిరి. మిగతా సగం ఎదుటి మనిషి ముక్కు మీద. ఆ మనిషి ఏం చెప్పాడో అడిగితే గుర్తుండదు. అందుకే మాట తడబడుతుంది, ముఖం బిగుసుకుంటుంది, ఎదుటివాళ్ళకు నిజంగానే ఇబ్బందిగా అనిపిస్తుంది, దాన్ని కూడా మనం వాసన ఖాతాలో రాసేస్తాం.

దీనికి అభ్యాసం సులువైనదే. ముందు ఒంటరిగా, లీలామహల్ సర్కిల్లో నిలబడి ఒకసారి హారన్లు, ఒకసారి టీ కొట్టులో గ్లాసుల చప్పుడు, ఒకసారి దూరంగా ఎవరిదో ఫోన్ పాట, దృష్టిని ఒకదాన్నుంచి ఇంకోదానికి మారుస్తూ పోండి. తర్వాత మనుషులతో. మాట అయ్యాక ఆ మనిషి చెప్పిన మూడు విషయాలు నోట్‌బుక్కులో రాయగలగాలి, అదే లక్ష్యం. బుద్ధి నోట్లోకి జారిపోతుంది, జారినప్పుడల్లా మళ్ళీ మాట మీదికి తెచ్చుకోవడమే, తిట్టుకోవడం అనవసరం.

ఇంట్లోవాళ్ళకు

"నా నోరు వాసన వస్తోందా?" ఈ ప్రశ్న పెళ్ళామో, అమ్మో, మొగుడో రోజూ వింటుంటారు. ప్రేమ కొద్దీ "లేదు" అంటారు. ఆ "లేదు" కూడా గోకుడే. నా ఉద్దేశంలో వదలడానికి అన్నిటికంటే కష్టమైన ఊతకర్ర ఇది, ఎందుకంటే దీన్ని పట్టుకుని ఉన్నది ఇంకొకరి చెయ్యి.

కాబట్టి ఇంట్లో కూర్చోబెట్టి ముందే చెప్పండి, ఈ ప్రశ్నకు ఇక జవాబు ఇవ్వొద్దని. ఊరికే నోరు మూసుకుంటే మనకు ఇంకా అనుమానం పెరుగుతుంది, అందుకే చెప్పాల్సిన మాట కూడా ముందే అనుకోవాలి. మా అమ్మ మాట ఇది: "నాయనా, ఆ సంగతి నేను చెప్పనని అనుకున్నాం గదా. కష్టంగా ఉందా? రా, కాఫీ తాగుదువు." కష్టాన్ని పట్టించుకుంది, ప్రశ్నను పట్టించుకోలేదు. మొదటి వారం పోట్లాటలు అవుతాయి, మనమే బతిమాలతాం, "ఈ ఒక్కసారికి చెప్పు" అంటాం. ఇంట్లోవాళ్ళు అప్పుడు గట్టిగా ఉండాలి, కోపం లేకుండా. ఎగతాళి అస్సలు వద్దు, "పిచ్చా నీకు" అన్న మాట ఒక నెల పనిని వెనక్కి లాగుతుంది.

సొంతంగా కుదరకపోతే

వాసన ఉందన్న నమ్మకం నూటికి నూరు ఉండి, కొంచెం కూడా కదలకపోతే, లేదా ఉద్యోగం, చదువు మానేసి గదిలోనే ఉండే పరిస్థితి వస్తే నోట్‌బుక్కు ఒక్కటే సరిపోదు. సైకియాట్రిస్టును కలవాలి, తిరుపతిలో రుయా ఆస్పత్రి సైకియాట్రీ ఓపీ ఉంది, ప్రైవేటులోనూ ఉన్నారు. ఓసీడీకి వాడే ఎస్ఎస్ఆర్ఐ మందులు దీనికీ ఇస్తుంటారు, అవసరమైతే ఇంకో రకం మందు కలుపుతారు. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, రెండు రోజులు వేసుకుని ఏమీ లేదని ఆపేయకండి, డాక్టరుకు చెప్పకుండా అసలు ఆపకండి.

సిబిటికి క్లినికల్ సైకాలజిస్టు కావాలి, ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడంలో తప్పు లేదు. మీ ఊళ్ళో లేకపోతే వీడియో కాల్‌లో తెలుగులోనే చేసేవాళ్ళున్నారు. మొదటి ఫోన్‌లోనే "ఓసీడీకి ఎక్స్‌పోజర్ పద్ధతిలో చేస్తారా" అని అడగండి. ధైర్యం చెప్పి పంపించేవాళ్ళు, గంటసేపు మీ చిన్నతనం గురించే అడిగేవాళ్ళు మంచివాళ్ళే కావచ్చు, ఈ పనికి మాత్రం సరిపోరు. సాధారణంగా వారానికి ఒక సెషన్, 12 నుంచి 20 దాకా.

ఈ భయంతో బతకడం దండగ అనిపిస్తుంటే, చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే, మిగతావన్నీ పక్కనపెట్టి ఇవాళే 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్ అని ప్రభుత్వానిదే, డబ్బులు పడవు, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో ఒకరికైనా చెప్పండి. ఈ జబ్బులో ఆ ఆలోచనలు రావడం అరుదు కాదు, సిగ్గుపడి దాచుకోవడమే ప్రమాదం.

మళ్ళీ వచ్చినప్పుడు

వస్తుంది. ఇంటర్వ్యూ ముందర, కొత్త ఊరికి బదిలీ అయినప్పుడు, జ్వరం పడి లేచాక నోరు చేదుగా ఉన్నప్పుడు. ఒక వారం బాగుండి, ఒకరోజు బస్సులో ఎవరో ముక్కు మూసుకుంటే పాత భయం మొత్తం ఒక్కసారి మీద పడుతుంది. ఆ రోజు గమ్ నమిలేశారా, సరే, నమిలారు. ఆరు విషయాలూ నోట్‌బుక్కులో రాయండి. ఏ ఊతకర్ర తిరిగి వచ్చిందో చూసి, మరుసటి రోజే దానికి సంబంధించిన మెట్టు ఒకటి, చిన్నదే, చేయండి, వారం ఆగొద్దు. ఇంట్లోవాళ్ళకు మన ఒప్పందం మళ్ళీ గుర్తు చేయండి. డెంటల్ చెకప్‌ను మాత్రం ఆ కంగారులో ముందుకు జరపకండి, ఆరు నెలల తేదీ రాసిపెట్టుకున్నారుగా, ఆ తేదీకే పోండి.